పిల్లను చూపిస్తుండారు సరే, తల్లి యాడ?

2025 ఆగస్టు నించి దేశంలో కుక్కల మీద జరిగినంత రచ్చ ఇంకే జంతువు మీదా జరగలేదు. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కల్ని పట్టి షెల్టర్లలో పెట్టమనింది. 22న ఆ మాట సవరించి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమనింది. రేబిస్ ఉన్నవాటిని, మీదబడి కరిచేవాటిని మాత్రం వదలొద్దనింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసెయ్యమనింది. జనం రెండు జట్లయి ఫోన్లలో తిట్టుకున్నారు. ఒక జట్టు కుక్క పక్షం, ఇంకో జట్టు కరిపించుకున్న పిలకాయల పక్షం.

ఇంత రచ్చలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. వీధిలో పుట్టిన కుక్కకు ఇన్ని లెక్కలు అడుగుతుండామే, అంగట్లో అమ్మే కుక్కకు ఎందుకు అడగం? అది యాడ పుట్టింది, ఎవురు పుట్టించారు, రేపు వద్దనుకుంటే యాడికి పోతుంది?

ఇదేదో హైదరాబాదు గొడవ, మన ముత్తుకూరుకు సంబంధం లేదనుకోబాకండి. మన మండలంలో ఇప్పుడు జాతి కుక్కపిల్ల కావాలంటే నెల్లూరు పోయే పని గూడా లేదు. ఇన్‌స్టాలో ఫొటో, వాట్సాప్‌లో రేటు, ఫోన్‌పేలో అడ్వాన్సు. రాత్రి బస్సెక్కించిన అట్టపెట్టె తెల్లారేసరికి చేతికొస్తుంది. రొయ్యల గుంటల కాడ కాపలాకు రాట్‌వీలర్, ఇంట్లో పిలకాయలకు లాబ్, రీల్సు తీసుకునేదానికి హస్కీ. పిల్లను అందరూ చూస్తుండారు. దాని తల్లిని చూసినోళ్లు మాత్రం నాకు ఇంతవరకు దొరకలేదు.

తల్లిని చూపించరంటే దానికి కారణం ఉంటుంది. ఆడకుక్క మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తుంది. చూలు సుమారు 63 రోజులు. అమ్మేవాడికి అది మిషను మాదిరి. ఎదకొచ్చిన ప్రతిసారీ క్రాసింగ్ చేయిస్తే ఏడాదికి రెండు ఈతలు. ఇరుకు గూట్లో తిండి పెడతా, ఈనిస్తా పోతే నాలుగైదేళ్లకు ఒళ్లు గుల్లయిపోతుంది. ఆ తర్వాత దాన్ని ఎవురు మేపుతారు? పోర్టు రోడ్డు దాబాల కాడ బొచ్చు ఊడిపోయి, రొమ్ములు నేలకు వేలాడతా తిరిగే లాబ్ ఆడకుక్కల్ని నేను చూశాను. అట్టాంటి కుక్క అడవిలోంచి రాదు. ఎవురో వాడుకుని వదిలేస్తేనే వస్తుంది. వీధికుక్కలన్నీ ఇట్టా వచ్చినవని నేను అనను, అది అబద్ధం. కానీ వీధిలోకి కొత్త కుక్కలొచ్చే దారుల్లో ఇదీ ఒకటి. ఈ దారిని ఏ కార్పొరేషన్ బండీ మూయలేదు.

ఇప్పుడు పిల్ల సంగతి. అంగట్లో, బస్సు పార్శిల్లో వచ్చే పిల్లలు చానావరకు నెల, నెలా పదిరోజుల వయసువి. అంత చిన్నదైతే బొమ్మ మాదిరి ముద్దుగా ఉంటుంది, తొందరగా అమ్ముడుపోతుంది, తిండి ఖర్చు తగ్గుతుంది, టీకాల ఖర్చు కొన్నోడి నెత్తిన పడుతుంది. అసలు చిక్కు యాడుండాదంటే, పిల్లకు తల్లి జున్నుపాల నించి వచ్చిన రక్షణ కొన్ని వారాలు కాస్తుంది. అది తగ్గేకొద్దీ టీకా పని అందుకోవాలి. ఆరు నించి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆపైన మూడు నాలుగు వారాలకొకటి చొప్పున, 16 వారాల వయసు దాకా వేయిస్తా పోవాలి. ఈ మధ్యలో ఉన్న సందులోనే పార్వో జబ్బు దూరుతుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలు, రెండు మూడు రోజుల్లో పిల్ల పోతుంది.

పార్వో ఒంట్లోకి దూరినాక బయటపడేదానికి మామూలుగా నాలుగు నించి ఏడు రోజులు పడుతుంది. అంటే అంగట్లోనో పార్శిల్లోనో అంటుకున్న జబ్బు మీ ఇంటికొచ్చి వారం తిరక్కముందే కనపడుతుంది. ఫోను చేస్తే అమ్మినోడు ఏమంటాడు? "మా కాడ బాగానే ఉండిందన్నా, మీ ఇంట్లో ఏదో అయింది." రశీదు లేదు, ఆరోగ్య పత్రం లేదు, వాట్సాప్ నంబరు బ్లాకు. వినియోగదారుల కమిషన్‌కు పోదామన్నా చేతిలో కాగితం ముక్క లేదు. ఇంకో మాట. ఈ పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పిల్ల చచ్చిన ఇంటికి అడావుడిగా ఇంకో పిల్లను తెస్తే అదీ పోతుంది. మీ వీధిలో టీకా లేని ఊరకుక్క పిల్లలూ పోతాయి.

"కోళ్లు, గొర్రెలు, రొయ్యలు పెంచి అమ్ముకునే ఊళ్లో కుక్క కాడికొచ్చేసరికి ఈ నీతులేంది?" అని అడిగే తమ్ముళ్లు ఉండారు. న్యాయమైన ప్రశ్నే. రొయ్యల లెక్కలోనే జవాబు చెప్తా. గుంటలో పిల్ల వదిలే ముందు రైతు ఏం చేస్తాడు? హేచరీకి రిజిస్ట్రేషన్ ఉండాదా లేదా చూస్తాడు. తల్లి రొయ్య యాడి నించి వచ్చిందని అడుగుతాడు. పిల్లను పీసీఆర్ టెస్టుకు పంపి వైట్ స్పాట్ లేదని కాగితం వచ్చినాకే దింపుతాడు. ఎందుకంటే విత్తనం చెడితే గుంటంతా పోతుందని వాడికి అనుభవం. ముత్తుకూరులో చేపల కాలేజీ ఉండాది, రొయ్య తెలివిలో మనం ఎవురికీ తీసిపోం. చిటికెన వేలంత లేని రొయ్యపిల్లకు తల్లి గురించి అడిగే మనం, పన్నెండేళ్లు మన గడపలో బతకబోయే ప్రాణానికి ఎందుకు అడగం? గొర్రెల కాపరి గూడా పాలు మరవకముందే పిల్లను తల్లి నించి ఊరికే విడదీయడు. అంటే నేను చెప్పేది యాడినించో అరువు తెచ్చిన నీతి కాదు, మన పాడిలో, మన సేద్యంలో ఉన్నదే.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉండాది. 2017లో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకం మీద నియమాలు తెచ్చింది. 2018లో పెంపుడు జంతువుల అంగళ్ల మీద ఇంకో నియమావళి వచ్చింది. రెండూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందవే. వాటి ప్రకారం కుక్కల్ని ఈనించి అమ్మేవాడు, అంగడి పెట్టినవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు కాడ రిజిస్టర్ కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా క్రాసింగ్ చేయించకూడదు. 12 నెలల్లో ఒక్క ఈతే. జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. రికార్డులు రాయాలి, మైక్రోచిప్ వేయించాలి, పశువైద్యుడి ఆరోగ్య పత్రం ఇవ్వాలి. ఇంట్లో రెండు కుక్కలు పెట్టుకుని అమ్మేవాడైనా సరే, వ్యాపారం చేస్తే ఈ నియమాల కిందికే వస్తాడు.

మరి ఎందుకు నడవడంలేదు? మూల చట్టంలోని శిక్ష చూడండి. జంతువును హింసిస్తే, తిండీ నీళ్లూ లేకుండా వదిలేస్తే, మొదటిసారి జరిమానా 10 రూపాయల నించి 50 రూపాయలు. 1960లో 50 రూపాయలంటే విలువుండింది. ఇప్పుడు కుక్కపిల్లతో సెల్ఫీ దిగి తాగే కాఫీకి చాలదు. ఒక పిల్ల అమ్మితే వేలల్లో వస్తుంటే, దొరికితే పోయేది యాభై అయితే ఎవురు భయపడతారు? దానికి తోడు తనిఖీకి మనుషులు కావాలి. పశువుల ఆసుపత్రి డాక్టరు గేదెల టీకాలు చూస్తాడా, గొర్రెల నట్టల మందు చూస్తాడా, ఇన్‌స్టా అకౌంట్లు వెతుకుతా కూర్చుంటాడా? చట్టాన్ని కాగితం మీద పెట్టి, దాన్ని నడిపించే చేతుల్ని ఇవ్వకపోవడం సర్కారు తప్పు. పార్టీ ఏదైనా ఇదే వరస.

ఇంకో పక్క గూడా చూడాల. ఈ వ్యాపారంలోకి దిగేది దుర్మార్గులే కాదు, మన పిలకాయలే. "ఆడ లాబ్ ఒకటి పెట్టుకో, లక్షలు సంపాదించు" అని వీడియోలు తిరుగుతుండాయి. మన తీరంలో పోర్టు వచ్చింది, కరెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. డిగ్రీ చేసిన పిల్లోడికి గేటు కాడ కాంట్రాక్టు పని తప్ప ఇంకేం కనపడనప్పుడు ఇట్టాంటి వీడియో ఆశ పెట్టిస్తుంది. వాడిని తిట్టి లాభం లేదు, లెక్క చెప్పాల.

వీడియో లెక్క ఇదీ: ఏడాదికి రెండు ఈతలు, ఈతకు ఎనిమిది పిల్లలు, పిల్ల పది వేలు, మొత్తం లక్షా అరవై వేలు. చట్టం ప్రకారం ఏడాదికి ఒక్క ఈతే కాబట్టి అది ఎనభై వేలయింది. ఎనిమిదీ బతకాలని లేదు. రెండు పోతే అరవై వేలు. అందులో మగకుక్కకు ఇచ్చేది, తల్లికి ఏడాదంతా తిండి, పిల్లలకు ఎనిమిది వారాల దాకా మేత, టీకాలు, చిప్‌లు, రిజిస్ట్రేషన్ ఫీజు తియ్యండి. మిగిలేది ఏడాది జీతం కాదు, అదీ మొదటి ఏడాదిన్నర కుక్కను ఊరికే మేపినాక. ఇంకా రేటు రావాలంటే ఒకటే దారి, తల్లి ఒంట్లోంచి, పిల్ల వయసులోంచి కోసుకోవడం. ఆ వీడియోలో చూపించే లాభం అట్టా కోసుకున్నదే.

అయితే నిజాయితీగా పెంచేవాళ్లు లేరా? ఉండారు. వాళ్లను గుర్తుపట్టడం కష్టం గూడా కాదు. నిజమైన బ్రీడర్ ఇంటికి రమ్మంటాడు. తల్లిని చూపిస్తాడు, వీలైతే తండ్రిని గూడా. పది జాతులు పెట్టుకోడు, ఒకటో రెండో పెట్టుకుంటాడు. పిల్ల సిద్ధంగా లేదని, రెండు నెలలు ఆగమని చెప్తాడు. మీరు వాడిని అడిగేదానికంటే ఎక్కువ ప్రశ్నలు వాడే మిమ్మల్ని అడుగుతాడు: ఇంట్లో ఎవరుంటారు, యాడ కట్టేస్తారు, ఎండకు నీడుందా అని. పెంచలేకపోతే తిరిగి నాకే ఇవ్వండి, రోడ్డు మీద వదలొద్దు అంటాడు. బస్టాండు కాడికి రా, అట్టపెట్టె ఇస్తా అనేవాడు వేరే మనిషి.

చానామంది కేసీఐ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ కాగితం కుక్క వంశం గురించి చెప్తుంది. అది ఆరోగ్య పత్రం కాదు, బోర్డు రిజిస్ట్రేషన్ గూడా కాదు. మూడూ వేరువేరు. మూడూ అడగండి.

జాతి ఎంచుకునే కాడ గూడా మనమే ఆలోచించాల. 2003లో హచ్ ఫోను ప్రకటనలో పగ్ కనపడింది, ఊరూరా పగ్‌లే. ముక్కు నొక్కుకుపోయిన ఆ కుక్క ఊపిరికే కష్టపడుతుంది. కుక్క ఒళ్లు చల్లబరుచుకునేది ముఖ్యంగా నాలుక చాపి వగర్చడం వల్లే. ఊపిరే ఆడనిది రోహిణి కార్తెలో ఎట్టా బతకాల? మంచుదేశంలో బండి లాగేదానికి రెండు వరసల బొచ్చుతో పుట్టిన హస్కీని 40 డిగ్రీలు దాటే నెల్లూరు ఎండలో డాబా మీద కట్టేస్తే అది ప్రేమ ఎట్టా అవుతుంది?

మన తెలుగు నేలకూ ఒక కుక్క ఉండాది. జొనంగి. కృష్ణా, గోదావరి జిల్లాల్లో, కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలు తోలేదానికి పెంచుకున్న పొట్టిబొచ్చు కుక్క. ఎండకు నేల తవ్వి గుంటలో పడుకుంటుంది. వరిచేలు చేపల చెరువులైపోయి, బాతుల మేపు తగ్గి, దాని పనీ పోయింది, దాని సంఖ్యా పడిపోయింది. చెరువులు తవ్వి మన కుక్కను పోగొట్టుకుని, ఆ చెరువుల కాపలాకే సీమకుక్కను కొంటుండాం. అట్టని రేపటి నించి జొనంగి పిల్లల్ని గూడా అట్టపెట్టెల్లో అమ్మమని నేను చెప్పడంలేదు. ఏ జాతైనా నియమం ఒకటే.

ఇక చేసే పని. కుక్క కావాలనుకుంటే ముందు మీ వీధి వైపు చూడండి. అక్కడి పిల్లల్లో ఒకదాన్ని ఇంటికి తెచ్చి, టీకాలేయించి, ఆపరేషన్ చేయిస్తే మీకో కాపలా, ఊరికో ఈత తక్కువ. జులై 6, జూనోసిస్ దినం నాడు పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు, అడిగి తెలుసుకోండి. కొనాలనే ఉంటే తల్లిని చూడకుండా, రెండు నెలలు నిండకుండా, కాగితాలు లేకుండా రూపాయి పంపబాకండి.

ఇంకొకటి, ఇది ఫోను పట్టుకున్న ప్రతి తమ్ముడూ, చెల్లీ చెయ్యగలిగింది. పది రూపాయల ఫీజుతో జిల్లా పశుసంవర్ధక శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నాలుగు ప్రశ్నలు చాలు: మన జిల్లాలో రిజిస్టరైన కుక్కల బ్రీడర్లు ఎంతమంది? అంగళ్లు ఎన్ని? 2018 నించి ఎన్ని తనిఖీలు చేశారు? ఎంతమంది మీద చర్య తీసుకున్నారు? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాల. ఆ జవాబు వచ్చినాక దాన్ని మీ గ్రామసభలో చదవండి. వీధికుక్కల మీద గంటలు గంటలు మాట్లాడే నాయకులు ఆ నాలుగు ప్రశ్నల మీద ఒక్క పది నిమిషాలు మాట్లాడతారో లేదో మనమూ చూద్దాం.