ఆడలేక మద్దెల ఓడు

"సెక్యూరిటీ పేరు చెప్పి మా లైబ్రరీని పనిచెయ్యనివ్వట్లేదండీ!" నలుగురు వెబ్ ప్రోగ్రామర్లు ఒకచోట చేరితే ఈ గోల తప్పదు. నన్నడిగితే ఇందులో ముప్పాతిక వంతు ఆడలేక మద్దెల ఓడు అనడమే.

అసలు కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అడిగేదేమిటి? ఏ స్క్రిప్టు ఎక్కణ్ణుంచి రావచ్చో, పేజీలోంచి సమాచారం ఎక్కడికి పోవచ్చో ముందే చెప్పమంటుంది. అక్షరాల్ని అప్పటికప్పుడు కోడుగా మార్చి నడిపే ఇవాల్ లాంటివి వద్దంటుంది. అంతే! అండర్‌స్కోర్, లోడాష్‌ల టెంప్లేట్లు ఇక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే అవి చేసేది సరిగ్గా అదే పని. మరి దారి లేదా? ఎందుకు లేదూ! టెంప్లేట్లని ముందే కంపైలు చేసి పెట్టుకోవచ్చు. హ్యాండిల్‌బార్స్ వాళ్ళు ఆ సదుపాయం ఎప్పుడో ఇచ్చారు. యాంగులర్‌జేఎస్ కూడా కాస్త నెమ్మదిగానైనా ఇవాల్ లేకుండా నడిచే పద్ధతి పెట్టింది. కుదరదనేది సాకు మాత్రమే.

పేజీ అంతా తమ సొత్తే అనుకోవడం లైబ్రరీలకి పాత జబ్బు. మూటూల్స్ వాళ్ళు బ్రౌజరు సొంత అర్రేలకే ఫ్లాటెన్ అనే ఫంక్షన్ని అతికించారు. ఆ పేరే ప్రామాణికంలో పెడితే పాత సైట్లు చెడిపోతాయని 2018లో తేలింది. చివరికి జావాస్క్రిప్టు భాషే తగ్గి, ఫ్లాట్ అని పేరు మార్చుకోవాల్సొచ్చింది. ఎవరింట్లో ఎవరు అద్దెకున్నట్టు?

నమ్మకం సంగతీ చూద్దాం. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్లో దొంగలు మోడర్నైజర్ ఫైలు చివర 22 లైన్లు చేర్చి కార్డుల వివరాలు లాగేశారు. 2020లో కంపెనీకి 2 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. ఫలానా చోటికి తప్ప సమాచారం పోకూడదన్న నిబంధన ఉండుంటే ఆ దొంగతనం అంత సులువుగా సాగేది కాదు. 2024 ఫిబ్రవరిలో పాలీఫిల్ డొమైన్ చేతులు మారింది. జూన్ నాటికి లక్షకు పైగా సైట్లలోకి దొంగ కోడు పారింది. బ్రౌజర్ని బట్టి ఫైలు మారిపోయేది కాబట్టి హ్యాష్‌తో సరిచూసే వీలు కూడా లేదు.

అన్ని ఆంక్షలూ బంగారమని నేననను. సేల్స్‌ఫోర్స్ వారి లాకర్ అసలు విండో, డాక్యుమెంటుల బదులు వాటి ముసుగుల్ని చేతికిచ్చేది. ఏ తప్పూ చెయ్యని లైబ్రరీలు కూడా అక్కడ బోల్తాపడేవి. ఆ తిట్లు న్యాయమైనవే. తర్వాత వాళ్ళే లైట్నింగ్ వెబ్ సెక్యూరిటీ తెచ్చారు. ఇందులో ముసుగులు పోయి, ఒక్కో నేమ్‌స్పేసుకి ఒక్కో శాండ్‌బాక్స్ వచ్చింది. అంటే ఆంక్ష చెడ్డదైతే దాన్ని బాగుచేసుకోవాలి, ఎత్తెయ్యకూడదు.

మనవాళ్ళు చేసేదేమిటి? లైబ్రరీ ఆగిపోగానే పాలసీలో అన్‌సేఫ్-ఇవాల్ అని రాసేసి చేతులు దులుపుకుంటారు. ఆ మాటలోనే అన్‌సేఫ్ అనుంది కదా మహాశయా! తాళం బిగుసుకుందని ఎవరైనా తలుపు పీకేసుకుంటారా?