దయ కాదు, మనకు రావాల్సిన బాకీ

సావుకారు ఖాతా పుస్తకంలో మన పేరు ఎప్పుడూ బాకీదారుల వరుసలోనే ఉంటుంది. విత్తనాలకు బాకీ, పురుగుమందుకు బాకీ, పిల్ల పెళ్ళికి బాకీ. పంట చేతికొస్తే తూకంలో పోయింది పోగా మిగిలింది ఆ బాకీకే జమ. కానీ ఆ పుస్తకంలో ఇంతవరకూ ఎవరూ రాయని బాకీ ఇంకొకటి ఉంది. లోపమున్న వస్తువును మనకు అంటగట్టి, దానివల్ల మన చెయ్యి కాలడానికో కన్ను పోవడానికో ప్రాణం పోవడానికో కారణమైనవాడు మనకు పడిన బాకీ. దాన్ని మనం ఎన్నడూ అడగలేదు. అడగొచ్చని మనకెవరూ చెప్పలేదు.

మన గూడేల్లో జరుగుతున్నది చూడండి. సంతలో కొన్న టార్చిలైటు ఛార్జింగ్ పెడితే పేలుతుంది. కుక్కర్ వాల్వు పనిచెయ్యక మూత ఎగిరి ముఖం కాలుతుంది. మందు కొట్టే పంపు కారి వీపంతా తడిసి, సాయంత్రానికి మనిషి వాంతులతో పడిపోతాడు. అప్పుడు మనమేమంటాం? మా గాచారం అంటాం. దేవర కోపం అంటాం. అమ్మినవాడేమంటాడు? మీకు వాడటం రాలేదంటాడు. గట్టిగా నిలదీస్తే పెద్దమనుషులను కూచోబెట్టి, రెండు మూడు వేలు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. కాలిన చెయ్యి మనదే, తప్పు మనదే, చివరికి ఆయన దయకు దండం పెట్టాల్సిందీ మనమే.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ దాటితే యవత్మాళ్ జిల్లా. అక్కడా గోండులున్నారు, కొలాములున్నారు, పత్తి చేలున్నాయి. 2017లో ఆ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పుడు కూడా ముందుగా వినబడిన మాట ఒక్కటే: వాళ్ళు మాస్కులు కట్టుకోలేదు, చేతులకు తొడుగులు వేసుకోలేదు. మండే ఎండలో, కూలి మీద బతికే మనిషికి ఆ తొడుగులు ఎవరిచ్చారని అడిగినవాళ్ళు తక్కువ. ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. చాలామందికి కథ అక్కడితో ముగిసింది. కానీ చనిపోయిన ఇద్దరి భార్యలు, ప్రాణాలతో బయటపడిన ఒక రైతు అక్కడితో ఆగలేదు. 2021లో మందు కంపెనీ సొంత దేశమైన స్విట్జర్లాండ్‌కే వెళ్ళి, బాసెల్ నగరంలో దావాకు దిగారు. తమ మందు కారణం కాదని కంపెనీ అంటోంది. అననీ. పత్తి చేనులో పడిపోయిన మనిషి పేరు సముద్రాల అవతల కోర్టు కాగితం మీదికి ఎక్కింది, కంపెనీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అదే మొదటి గెలుపు.

ఎక్స్‌గ్రేషియాకూ నష్టపరిహారానికీ తేడా మన యువత గట్టిగా పట్టుకోవాలి. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. ఇచ్చేవాడు తప్పు ఒప్పుకోడు, ఎంతివ్వాలో తానే నిర్ణయిస్తాడు, ఫోటో దిగి వెళ్ళిపోతాడు. ఆ డబ్బు మన పన్నుల నుంచి వస్తుంది, కంపెనీ జేబుకు చిల్లు పడదు. అందుకే మరుసటి ఏడు అదే డబ్బా అదే దుకాణంలోకి మళ్ళీ వస్తుంది. నష్టపరిహారం అలా కాదు. తప్పెవరిదో తేల్చి, తప్పు చేసినవాడి చేత కట్టించేది. ఎక్స్‌గ్రేషియా తీసుకోవద్దని మేము అనడం లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. తీసుకుని నోరు మూసుకోవద్దంటున్నాం.

చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది. వస్తువు లోపం వల్ల గాయపడినా, జబ్బు పడినా, చనిపోయినా, ఆస్తి పాడైనా తయారీదారు నుంచి పరిహారం కోరడానికి అందులో ఒక అధ్యాయమే ఉంది. తయారీలో లోపమున్నా, నమూనాలోనే లోపమున్నా, సరిగా ఎలా వాడాలో చెప్పకపోయినా, ప్రమాదం గురించి హెచ్చరించకపోయినా తయారీదారు బాధ్యుడే. కొన్నవాడే కానక్కర్లేదు. అన్న కొన్న పంపుతో ఆయన ఒప్పుకోలు మీద మందు కొట్టిన తమ్ముడూ అడగొచ్చు. చనిపోతే వారసులు అడగొచ్చు. ఉద్దెరకు తెచ్చినా కొన్నట్టే. డబ్బు చెల్లిస్తానన్న మాట చాలు, చట్టం దాన్ని కొనుగోలుగానే చూస్తుంది.

సంత సరుకు మీద ఎవరి పేరూ ఉండదు కదా, ఎవరిని పట్టుకుంటామని అడుగుతారు. దానికీ ఆ చట్టంలో జవాబుంది. తయారు చేసినవాడెవరో తెలియకపోతే అమ్మినవాడే బాధ్యుడు. పేరులేని సరుకు అమ్మి తప్పించుకోవచ్చనుకునే వ్యాపారికి ఈ ఒక్క మాట చాలు. ఇక బిల్లు. బిల్లివ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి అని అదే చట్టం చెబుతోంది. మనకు బిల్లు అడగడం అవమానంలా అనిపిస్తుంది, సావుకారు మొహం చూస్తే నోరు రాదు. ఈ సిగ్గును వదిలించుకోనిదే ఏ చట్టమూ మనదాకా రాదు.

అసలు పోరు హెచ్చరిక దగ్గరుంది. పురుగుమందు డబ్బాతో వచ్చే కరపత్రం హిందీ, ఇంగ్లీషులతో పాటు ఆ ప్రాంతంలో వాడే ఒకటి రెండు భాషల్లో ఉండాలని పురుగుమందుల నియమాలు చెబుతున్నాయి. మన ప్రాంతంలో వాడే భాషలేవి? గోండి కాదా? కోయ కాదా? కొలామి, కువి, సవర కావా? మన భాషలో ఒక్క కరపత్రమైనా మీలో ఎవరైనా చూశారా? తెలుగులో ఉన్నా చీమ తలకాయంత అక్షరాలు. డబ్బా మీది త్రికోణంలో ఎరుపు అన్నిటికన్నా విషమని, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అని మన కూలికి ఎవరు చెప్పారు? అర్థం కాని హెచ్చరిక హెచ్చరికే కాదు. చట్టం ‘తగినన్ని’ సూచనలుండాలంటోంది. చదవలేని మనిషికి చదవలేని భాషలో ఇచ్చినవి తగినన్ని ఎలా అవుతాయి? ఈ వాదన ఇంకా గెలవాల్సి ఉంది. గెలవాల్సింది మనమే.

కోర్టంటే ఇల్లమ్ముకోవాలన్న భయం మనలో ఉంది. కానీ వినియోగదారుల కమిషన్‌లో వకీలు లేకుండానే ఫిర్యాదు చెయ్యొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు, కంపెనీ ఊరికి పోనక్కర్లేదు. వీడియోలో హాజరవుతామని అడగొచ్చు. వకీలు కావాలంటే, షెడ్యూల్డు తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చెయ్యండి. ఒక్కటి మరవొద్దు: గడువు రెండేళ్ళు.

చట్టం మొత్తం మన పక్షమేనని మేము భ్రమపడటం లేదు. దుర్వినియోగం చేశారన్న వాదన కంపెనీ చేతిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఉచితంగా పంచిన దీపమో పంపో పేలితే, డబ్బు పెట్టి కొనలేదు కాబట్టి మీరు వినియోగదారులు కారంటారు. అంటే ప్రభుత్వం మనకిచ్చే వస్తువు దగ్గరే మన హక్కు సన్నబడుతోంది. కాబట్టి అడుగుదాం. పంచే ప్రతి వస్తువుకూ పూచీ ఎవరిదో కాగితం మీద రాసివ్వండి. హెచ్చరికలు మా భాషల్లో, బొమ్మలతో ఇవ్వండి. కమిషన్ విచారణలు ఉట్నూరులో, భద్రాచలంలో, పాడేరులో, రంపచోడవరంలో జరపండి.

సావుకారుతో తగువు పెట్టుకుంటే వచ్చే ఏడు ఉద్దెర ఎవరిస్తారన్నది నిజమైన భయమే. ఒంటరిగా వెళ్ళినవాడిని ఆ భయం మింగేస్తుంది. ఒకే సరుకుతో దెబ్బతిన్నవాళ్ళంతా కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వెయ్యొచ్చు. ఊరంతటికీ ఉద్దెర ఆపి ఏ సావుకారు దుకాణం నడుపుతాడు?

టీచర్లారా, ఈ పని మీతోనే మొదలవ్వాలి. ఎనిమిదో తరగతి పిల్లకు డబ్బా మీద త్రికోణం చదవడం నేర్పండి, ఆ పిల్ల ఇంట్లో నలుగురికి చెబుతుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ప్రమాదం జరిగిన రోజే పని మొదలుపెట్టండి. పేలిన వస్తువును పారెయ్యకండి, సావుకారుకు తిరిగివ్వకండి. డబ్బా, మూత, అట్టపెట్టె, కరపత్రం అన్నీ సంచిలో కట్టి దాచండి. గాయాన్నీ వస్తువునూ ఫోటోలు తియ్యండి. ఆర్‌ఎంపీతో ఆపకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళి, దెబ్బ దేనివల్ల తగిలిందో చీటీలో రాయించండి. చూసినవాళ్ళ పేర్లు, తేదీ, కొన్న సంత పేరు నోటు పుస్తకంలో ఎక్కించండి. సరుకు మిగల్లేదని నీరసపడకండి. 2012లో మన తెలుగు రైతుల విత్తనాల కేసులో, పరీక్ష కోసం రైతు విత్తనాలు దాచి ఉంచుతాడని ఆశించలేమని సుప్రీంకోర్టే చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రాజీ కాగితం మీద వేలిముద్ర పడకుండా ఆపండి.

ఇన్నాళ్ళూ లెక్కలు వాళ్ళు రాశారు, మనం కట్టాం. ఇకమీదట మన నోటు పుస్తకంలో మన లెక్క మనం రాద్దాం. కాలిన చేతికింత, పోయిన చూపుకింత, తండ్రి లేని పిల్లల చదువుకింత అని రాద్దాం. రాసి, వసూలు చేద్దాం.