అడవిలో మనమున్నాం

ఏదైనా వృథా అయితే తెలుగులో 'అడవి కాచిన వెన్నెల' అంటారు. అడవిలో దాన్ని చూసేవాళ్లే లేరట! మరి మనమెవరం?

ఎండాకాలం తెల్లారకముందే రాలే ఇప్పపువ్వు కోసం మన అమ్మలు బుట్టలు పట్టుకుని పోయేది ఆ వెన్నెల్లోనే. మంచె ఎక్కి పోడు చేనుకి కాపలా కాసేది, రేలా ఆడేది కూడా ఆ వెన్నెల్లోనే.

సామెతే కదా, వదిలెయ్ అంటారు కొందరు. ఎలా వదిలేస్తాం? అడవిలో ఎవరూ లేరన్న చూపే చట్టమైంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవుల్ని రిజర్వు చేశారు. తాతలు దున్నిన నేల మీదే మనల్ని ఆక్రమణదారులన్నారు. నిజాం ఇలాకాలోనూ అదే కథ. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది అందుకే.

ఇది చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే ఒప్పుకుంది. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించొద్దంది. అయినా పోడు భూముల్లో కందకాలు తవ్వి మొక్కలు నాటుతున్నారు. అంటే వాళ్ల లెక్కలో మనమింకా లేనట్టే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ సామెత ఎవరన్నా అంటే అక్కడే అడ్డుకోండి. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉండి, పట్టా రాని ప్రతి పోడు భూమికీ గ్రామసభలో క్లెయిము పెట్టించండి. ఉన్నామని నోటితో చెబితే చాలదు, కాగితం మీదా ఎక్కించాలి.