గుంటలో రొయ్య తేలితే ముందు ఎవరికి చెబుతాం?

వేసవి పంటకు సీడ్ వేసే రోజులొచ్చాయి. ముత్తుకూరు నుంచి అల్లూరు దాకా గుంటల అడుగు ఎండబెట్టి, గట్లు సర్దుతున్నారు. ఏటా ఈ సమయంలో ఒకే ఏటి మీద ఆధారపడిన రైతులంతా ఒకచోట కూర్చుని మూడు మాటలు అనుకుంటారు. సీడ్ అందరం దగ్గర దగ్గర రోజుల్లో వేద్దాం, వేసేముందు పీసీఆర్ పరీక్ష చేయిద్దాం, జబ్బొస్తే ఒకరికొకరు చెప్పుకుందాం. మొదటి రెండూ చాలాచోట్ల ఎంతోకొంత జరుగుతున్నాయి. మూడోది జరగడం లేదు. ఆ మూడోది లేకపోతే మొదటి రెండింటికి పెట్టిన ఖర్చు నీళ్లపాలే.

కారణం అందరికీ తెలిసిందే. మనం నీళ్లు తోడుకునేదీ, వదిలేదీ ఒకే ఉప్పుటేటిలో. ఒక గుంటలో తెల్లమచ్చ వస్తే మూడు నుంచి పది రోజుల్లో మొత్తం ఊడ్చుకుపోతుంది. ఆ నీటిని మందు వేయకుండా వదిలితే పోటుకు ఎగువ వాడికి, పాటుకు దిగువ వాడికి అంటుతుంది. 1994 చివర్లో తూర్పు తీరానికి ఈ జబ్బు వచ్చినప్పుడు టైగర్ రొయ్య మీద పెట్టుబడి పెట్టినవాళ్లు ఎలా కూలిపోయారో చూసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక రొయ్య మారింది గానీ ఏరు మారలేదు, వైరస్ పోలేదు.

అన్నీ తెలిసీ రైతు ఎందుకు దాస్తాడు? స్వార్థం అనేసి వదిలేస్తే మనకు హాయిగా ఉంటుంది. కానీ ఎకరాలు కౌలుకు తీసుకుని, ఫీడు అరువుకు తెచ్చుకున్న మనిషి వైపు నుంచి చూడండి. తెల్లవారి చెక్‌ట్రేలో మేత మిగిలింది, గట్టు పక్కన నాలుగు రొయ్యలు తేలాయి. ఆ మాట బయటికి చెప్పిన గంటలో డీలర్ ఫీడు ఆపుతాడు. సాయంత్రానికి కొనుగోలుదారు కౌంట్‌కు ఇంత తగ్గించి అడుగుతాడు. పక్క గుంట వాళ్లు 'నీవల్లే' అంటారు. చెప్పకపోతే రెండు రోజుల్లో దొరికినకాడికి పట్టి అమ్ముకుని, రాత్రికి తూము ఎత్తేయొచ్చు. చెప్పినవాడికి నష్టం ఈరోజే, దాచినవాడికి ఈరోజుకు లాభం. ఈ లెక్క ఇలాగే ఉన్నంతకాలం ఎన్ని తీర్మానాలు రాసుకున్నా కాగితం మీదే ఉంటాయి.

ఇది రాస్తున్న నేను కూడా ఒక ఏడాది తూము ఎత్తినవాణ్ణే. ఆ వారం దిగువన మూడు గుంటలు పోయాయి. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాత ఆ ముగ్గురితో కలిసి సంఘం సమావేశాల్లో కూర్చుని ఐకమత్యం గురించి మాట్లాడాను.

మనుషులు కలిసి పనిచేయడం గురించి పరిశోధించిన అమెరికా ఆచార్యురాలు అమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే తప్పులు లెక్కించారు. బాగా కలిసి పనిచేసే నర్సుల జట్లలో తప్పులు తక్కువ ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే వాళ్ల లెక్కలోనే ఎక్కువ తేలాయి. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఆ జట్లలో తప్పు చేసినవాళ్లు చెప్పగలుగుతున్నారు. మిగతా జట్లలో పెద్ద నర్సుకు భయపడి కప్పిపుచ్చుతున్నారు. అంటే చెడ్డ కబురు రాని జట్టు మంచి జట్టని నమ్మడానికి లేదు. మన వాట్సాప్ గ్రూపులు ఒకసారి తెరిచి చూసుకోండి. కౌంటు ధరలు, పండగ శుభాకాంక్షలు, కార్యాలయాల నుంచి వచ్చిన ప్రకటనలు. 'నా గుంటలో అనుమానంగా ఉంది' అన్న మాట ఎన్నిసార్లు కనబడింది?

కలిసి చేయడం మనవల్ల కాదనేవాళ్లకు పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరు గుర్తుచేయాలి. ఎంపెడా, నాకా సంస్థల ప్రాజెక్టు కింద 2002లో అక్కడ 5గురు రైతులతో గుంపు సాగు మొదలైంది. పరీక్షించిన సీడ్ కలిసి తెచ్చుకోవడం, ఒకే సమయంలో వేయడం, జబ్బు గుంట నీరు బయటికి పోనివ్వకపోవడం, తరచూ కూర్చుని ఎవరి గుంట ఎలా ఉందో మాట్లాడుకోవడం. కొత్త యంత్రమేమీ లేదు. 2006 నాటికి అయిదు రాష్ట్రాల్లో 30 ఆక్వా క్లబ్బులు, వెయ్యిమందికి పైగా రైతులయ్యారు. దాని మీదే 2007లో నాక్సా ఏర్పడింది. చిన్న గుంపుతో మొదలుపెట్టడం ఇక్కడ ముఖ్యం. పదిమందిలో ఒకరి ముఖం ఒకరికి తెలుసు. రెండు వందల మంది సమావేశంలో లేచి నా గుంట పోయిందని చెప్పమంటే ఎవరు చెబుతారు?

మన దగ్గర కొన్ని గుంపులు నీళ్లు వదిలినవాడికి జరిమానా పెట్టుకున్నాయి. దొరికినవాడికి జరిమానా న్యాయమే, కాదనను. కానీ ఒప్పుకున్నవాడికీ అదే జరిమానా వేస్తే రేపు ఒప్పుకునేవాడుండడు. ముందు చెప్పినవాడికి జరిమానా ఉండకూడదు. పైగా అతని గుంటకు పట్టే బ్లీచింగ్ ఖర్చు గుంపు నిధి నుంచే ఇవ్వాలి. మందు వేసి నీరు నిలబెట్టిన రోజుల్లో తూము మీద చేయి పడకుండా అందరూ చూడాలి. గుంట పట్టేటప్పుడు మనుషుల్ని, వలల్ని గుంపే ఏర్పాటు చేసి, ఆ వలలు శుద్ధి కాకుండా మరో గుంటలో దిగకూడదు. ఫీడు డీలర్‌తో, కొనుగోలుదారుతో మాట్లాడటానికి ఆ రైతు ఒక్కణ్ణీ పంపకూడదు, గుంపు తరఫున ఇద్దరు వెంట వెళ్లాలి. అప్పు తీరదు గానీ గడువు దొరుకుతుంది. కౌలు రైతు విషయంలో భూమి యజమాని కూడా ఆ సంవత్సరం కౌలులో కొంత భారం మోయాలన్నది మా అభిప్రాయం. దీనికి యజమానులు ఒప్పుకోరని తెలుసు. అయినా ఆ మాట సమావేశంలో వినబడాలి.

ఇంకొకటి. నాయకులమనుకునే మనమే ముందు మన గుంటల సంగతి చెప్పాలి. అధ్యక్షుడి గుంటలో ఎప్పుడూ జబ్బు రానట్టు కనిపించే సంఘంలో కౌలు రైతు నోరు విప్పడు.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో, సీడ్ తేదీ ఖరారు చేయడానికి ముందే, ఈ నిబంధనలు చదివి చర్చించండి. పోయిన పంటలో ఎవరి గుంటలో ఏమైందో ఒకరొకరుగా చెప్పుకోవడంతో సమావేశం మొదలుపెట్టండి. మా ఏటి గుంపులో మొదట నేను చెబుతాను.