నరం అంటే ఏ నరం?

మన భాషలో ‘నరం’ అనే మాటకు చాకిరీ ఎక్కువ. నెత్తురు పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే. పిక్క బిగుసుకున్నా ‘నరం పట్టింది’ అనే అంటాము. కబుర్లలో యీ కలగాపులగం ఫరవాలేదు గాని, కాలికి జబ్బు చేసినప్పుడు మాత్రం ముప్పు తెస్తుంది.

గజ్జ దగ్గర మూడు ‘నరాలు’ పక్కపక్కనే వున్నాయి. వెలుపలి నుంచి లోపలికి వరుసగా నాడి, ధమని, సిర. చివరి రెండింటిలో పారేది రక్తం. మొదటిది ఊరునాడి. నడుము దగ్గర వెన్నులోంచి వచ్చే 2, 3, 4 నాడీమూలాలు కలిసి యిది ఏర్పడుతుంది. మోకాలిని చాపే తొడ కండరాలను ఆడించేది యిదే. తొడ ముందు భాగానికీ, కాలి లోపలి వైపుకీ స్పర్శ యిచ్చేదీ యిదే.

యిది దెబ్బతింటే మెట్లు దిగేటప్పుడు మోకాలు హఠాత్తుగా మడత పడుతుంది. నిందేమో మోకాలికి! తైలాలతో రోజులు గడిచిపోతాయి. డాక్టరు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టేది యిందుకే. కాలు ఎగరకపోతే నాడిని అనుమానించాలి. 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే వైద్యులు విడివిడిగా వెల్లడించిన పరీక్ష యిది.

మధుమేహం వున్నవారికి తొడలో తీవ్రమైన నొప్పి పుట్టి కండ కరగవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారికి లోపల నెత్తురు చేరి నాడిని నొక్కవచ్చు. గజ్జలో నొప్పితో కాలు బలహీనపడితే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. ‘నరం పట్టింది’ అని సరిపెట్టుకోకండి. ఏ నరమో అడగండి.