‘ఆర్‌ఎంపీ’కి అయిదేళ్లు.. వైద్యుడికి రెండేళ్లు
కొత్త న్యాయసంహితతో మారిన శిక్షల లెక్క

వాకాడు: తీరప్రాంత గ్రామాల్లో అర్ధరాత్రి జ్వరం తగిలినా, వల లాగుతూ చేతికి గాయమైనా మొదట తలుపు తట్టేది ఊరిలోని ‘ఆర్‌ఎంపీ’ ఇంటినే. తూపిలిపాలెం, దుగరాజపట్నం వంటి పల్లెల నుంచి గూడూరుకో, నాయుడుపేటకో చేరేలోగా ప్రాణం మీదకు వస్తుందన్న భయమే ఇందుకు కారణం. వైద్యానికి సంబంధించిన చట్టాలు కొన్నేళ్లుగా వరుసగా మారుతున్నా, వాటి ప్రభావం ఈ ఇంటి గడపపై ఎలా పడుతుందన్న చర్చ మాత్రం జరగడం లేదు.

2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయసంహిత అమలులోకి వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే పాత 304-ఎ సెక్షన్ కింద ఎవరికైనా గరిష్ఠ శిక్ష రెండేళ్లే. కొత్త సంహితలోని 106(1) సెక్షన్ దానిని అయిదేళ్లకు పెంచింది. చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్‌కు మాత్రం రెండేళ్ల పరిమితినే ఉంచింది. ఇది వైద్యులకు పూర్తి ఊరట అనుకోవడం పొరపాటు. పాత చట్టంలో కేవలం జరిమానాతో సరిపెట్టే వీలుండేది. ఇప్పుడు నేరం రుజువైతే జైలు శిక్షతో పాటు జరిమానా కూడా తప్పదు.

అసలు చిక్కు పేరులోనే ఉంది. ‘ఆర్‌ఎంపీ’ అన్న మూడక్షరాలకు పూర్తిరూపం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనరే. కానీ జాతీయ వైద్య కమిషన్ చట్టం గుర్తించిన అర్హత ఉండి, జాతీయ లేదా రాష్ట్ర రిజిస్టరులో పేరున్న వారే ఆ నిర్వచనం కిందకు వస్తారని సంహిత వివరణ ఇచ్చింది. పల్లెల్లో ఆ పేరుతో పిలిపించుకుంటున్న వారిలో అధికులకు డిగ్రీ లేదు. వారి చేతిలో ఇంజక్షన్ వికటించి రోగి మరణిస్తే వర్తించేది అయిదేళ్ల శిక్షే. మరణం లేకున్నా, నమోదు కాకుండా వైద్యం చేసినందుకు 2019 నాటి కమిషన్ చట్టంలోని 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అదే చట్టం పరిమిత వైద్యం చేసే సామాజిక ఆరోగ్య కార్యకర్తలకు లైసెన్సు ఇచ్చే వీలు కల్పించినా, ఊరి ఆర్‌ఎంపీకి దాని వల్ల ఒరిగిందేమీ లేదు.

డిగ్రీ ఉన్న వైద్యుడిపై క్రిమినల్ కేసు అంత తేలిక కాదు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే నేరమని, ముందుగా మరో వైద్యుని స్వతంత్ర అభిప్రాయం తీసుకోవాలని, ఆ వైద్యుడు ప్రభుత్వ సర్వీసులో ఉంటే మేలని జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే స్పష్టం చేసింది. ఆగ్రహంతో ఆసుపత్రి అద్దాలు పగులగొడితే చిక్కుకునేది బంధువులే. 2008 రాష్ట్ర చట్టం ప్రకారం అది బెయిలుకు వీలులేని నేరం. మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల వరకు జరిమానాతో పాటు పాడైన పరికరాల విలువకు రెట్టింపు చెల్లించాల్సి ఉంటుంది.

బాధితులకు మిగిలిన దగ్గరి దారి వినియోగదారుల కమిషన్. వైద్యసేవ ఈ చట్టం పరిధిలోకి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయవాదులకు చట్టం వర్తించదన్న 2024 మే తీర్పులో ఆ పాత తీర్పును పునఃపరిశీలించాలన్న మాట రావడంతో సందేహాలు తలెత్తాయి. అయితే అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అవసరం లేదని తేల్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి మాత్రం ఈ పరిధిలోకి రాదు.

2019 చట్టం తెచ్చిన ఒక మార్పు ఈ ప్రాంతానికి బాగా పనికివచ్చేది. పెద్ద జబ్బు వస్తే చెన్నై రైలెక్కడం ఇక్కడివారికి అలవాటే. అక్కడి ఆసుపత్రిపై కూడా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వాకాడు మండలం 2022 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారిన సంగతి మరువరాదు. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలు మించకుంటే ఫీజు లేదు.

కేసు నిలబడాలంటే కాగితం కావాలి. రోగి గానీ, అతని తరఫువారు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 వైద్యమండలి నిబంధనలు చెబుతున్నాయి. ఊరి ఆర్‌ఎంపీ వద్ద కేస్‌షీటు ఉండదు, రసీదు ఉండదు. మందుల పేర్లు రాసిచ్చేది కూడా చాలాసార్లు పేరూ సంతకమూ లేని తెల్లకాగితం ముక్క మీదే.