చదివినదాన్ని విన్నది దిద్దాలి

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు జరిగే సభలన్నిటిలో ఆయనను వ్యావహారిక భాషోద్యమ సారథిగా, పండితులతో తలపడిన పిడుగుగా స్మరించుకోవడం ఆనవాయితీ. ఆ స్మరణ న్యాయమైనదే గాని, ఆ పోరాటానికి ముందూ వెనకా అర్ధశతాబ్దం పాటు సాగిన విద్యాభ్యాసం ప్రస్తావన సభలలో వినిపించేది తక్కువ. ఏ విశ్వవిద్యాలయంలోనూ భాషాశాస్త్రం చదువుకోని ఒక పాఠశాల ఉపాధ్యాయుడు శాసనాలు చదివే పరిశోధకుడుగా, ఒక గిరిజన భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన పండితుడుగా, మాతృభాషలో రాసే తీరునే మార్చిన ఆలోచనాపరుడుగా ఎలా ఎదిగారన్న ప్రశ్న ప్రతిభ అన్న ఒక్క మాటతో తేలేది కాదు. చదవడం, అడిగి వినడం, ఆ రెంటినీ రాసిపెట్టుకుని ఒకదానితో ఒకటి సరిచూడడం అనే మూడు పనులను ఆయన విడదీయకుండా చేశారు. ఆయన కొత్త ఆలోచనలకు పుట్టిల్లు ఆ సరిచూడడమే.

1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరి, కొలువు చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తిచేశారు. పట్టా కోసం సాగిన ఆ చదువుకు పక్కనే, ఏ పరీక్షకూ పనికిరాని మరో చదువు సాగింది. ముఖలింగం ఆలయపు రాళ్లమీది రాతలను చదవాలన్న పట్టుదలతో ప్రాచీన లిపులను స్వయంగా నేర్చుకున్న ఆయన, తూర్పు గాంగుల శాసనాలను పరిశీలించి వారి రాజధాని కళింగనగరం ముఖలింగమేనని వాదించారు. నడగాం రాగిరేకుల శాసనాన్ని పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించారు. శాసనం చదవడమంటే కంటికి కనిపించిన అక్షరాన్నీ, అరిగిపోయినచోట ఊహతో పూరించిన అక్షరాన్నీ వేరువేరుగా గుర్తించి చూపడం. ఈ రెండూ కలిసిపోతే పాఠం చెడుతుంది. చూసినదానికీ అనుకున్నదానికీ మధ్య గీత గీసే ఈ అలవాటు ఆయన తర్వాతి పనికంతటికీ పునాది అయిందనుకోవడానికి ఆధారాలు ఆ పనిలోనే ఉన్నాయి.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండలలో ఉండే సవరల భాషను నేర్చుకోవాలని పూనుకున్నప్పుడు ఆయన ఎదుట చదవడానికి చెప్పుకోదగిన వ్యాకరణం గాని నిఘంటువు గాని లేదు. సాధారణంగా చదువు పుస్తకంతో మొదలై, సందేహం వచ్చినచోట సంభాషణకు దారితీసి, చివరికి కాగితం మీదికి చేరుతుంది. సవర విషయంలో ఈ వరస తలకిందులైంది. సవరా తెలుగూ రెండూ తెలిసినవారి సాయంతో మాటలడిగి, పలికించి, విని, రాసుకుని, వాటినే తిరిగి పలికి వినిపించి సరిచేయించుకోవలసి వచ్చింది. గురువు పీట మీద సవరలు, శిష్యుడి పీట మీద బడిపంతులు కూర్చున్న ఆ చదువు నాటి కులవ్యవస్థలోనూ విద్యావ్యవస్థలోనూ అరుదైనది. నేర్చుకున్నదాన్ని ఆయన వెంటనే తిరిగి ఇచ్చారు కూడా: సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు.

ఆ రాతలో ఎదురైన చిక్కులు గమనించదగినవి. సవర తెలుగుతో చుట్టరికం ఉన్న ద్రావిడ భాష కాదు, సంతాలీ, ముండారీ వంటి భాషలున్న ముండా కుటుంబానికి చెందినది. గొంతులో గాలి ఒక్క క్షణం ఆగి విడుదలయ్యే ధ్వని ఆ భాషలో తరచుగా వినిపిస్తుంది. దానికి తెలుగు వర్ణమాలలో అక్షరం లేదు. నామవాచకాలలో చాలావాటికి విడిగా పలికే నిండు రూపం ఒకటి, క్రియలో కలిసిపోయేటప్పుడు వాడే పొట్టి రూపం మరొకటి ఉంటాయి, అందువల్ల కర్తను, కర్మను, క్రియను వేరువేరు మాటలుగా వెదికే తెలుగు చెవికి ఒక వాక్యమంతా ఒకే మాటగా వినబడవచ్చు. ఇలాంటిచోట తెలిసిన వ్యాకరణపు చట్రంలో విన్నదాన్ని ఇరికించడం తేలిక, చెవిన పడినదాన్ని పడినట్టే రాసుకుని చట్రాన్ని మార్చుకోవడం కష్టం. రామమూర్తి కష్టమైన దారినే పట్టారు. మొదట తెలుగు లిపిలో పాఠాలు రాసిన ఆయన, శాస్త్రగ్రంథం దగ్గరికి వచ్చేసరికి ధ్వనికొక గుర్తు ఉండే ధ్వనిలిపిని, అంటే పలుకుబడిలోని తేడాలన్నిటినీ చూపగల ప్రత్యేకమైన రాతపద్ధతిని, ఆశ్రయించారు. మద్రాసు ప్రభుత్వం ఆయన సవర భాషా వ్యాకరణాన్ని 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోనూ ప్రచురించింది. కొండలలో తిరిగేటప్పుడు పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైను వల్ల ఆయనకు వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రలు చెబుతాయి. చెవితో నేర్చిన భాషను చెవి సహకరించని వయసులో గ్రంథంగా కూర్చడానికి అండగా నిలిచినవి, ఆనాడు విన్నవి విన్నట్టే రాసిపెట్టుకున్న కాగితాలు.

పుస్తకమే లేని భాషను మనుషుల నోటి నుంచి నేర్చుకున్నవాడికి, పుస్తకాలెన్నో ఉన్న తన భాష కూడా ముందు మనుషుల నోట ఉన్నదేనన్న సంగతి తట్టడంలో ఆశ్చర్యం లేదు. 1906 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, తెలుగువారు మాట్లాడే భాషకూ వారి పుస్తకాల భాషకూ ఇంత ఎడం ఎందుకని అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు రామమూర్తి మనసు అప్పటికే సిద్ధంగా ఉంది. అయితే ఆయన దాన్ని అభిప్రాయంగా చెప్పి ఊరుకోలేదు. ఈసారి సంభాషణ నుంచి చదువు వైపు మళ్లి, పాత వ్యాఖ్యానాలను, వచన గ్రంథాలను గాలించి, పూర్వపు పండితులు సైతం వచనం రాసేటప్పుడు వాడుక రూపాలను విడవలేదని చూపే ఉదాహరణలను పోగుచేశారు. 'గద్య చింతామణి' అలాంటి ఉదాహరణల కూర్పు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' గ్రాంథికవాదులు తాము విధించిన నియమాలను తమ రచనలలోనే ఎక్కడెక్కడ తప్పారో ఎత్తిచూపిన గ్రంథం. 1919లో నడిపిన 'తెలుగు' మాసపత్రికలోనూ ఆయన వాదానికి బలం ప్రయోగాలే. ఉద్యమకారుడి వెనక ఓపికగా ప్రయోగాలు ఎత్తి రాసుకున్న పాఠకుడు ఉన్నాడని ఈ పుస్తకాలు సాక్ష్యమిస్తాయి.

ఎత్తి రాసుకోవడంలోనూ రెండు రకాలున్నాయి. నచ్చిన వాక్యాన్ని, తన నమ్మకానికి అనుకూలమైన సంగతిని భద్రపరచడం మొదటిది. నమ్మకానికి అడ్డు తగిలేదాన్ని, అర్థం కానిదాన్ని, రెండు ఆధారాల మధ్య పొంతన కుదరనిదాన్ని రాసిపెట్టడం రెండోది. చార్లెస్ డార్విన్ తన సిద్ధాంతాలకు విరుద్ధంగా కనిపించిన ప్రతి విషయాన్నీ ఆలస్యం చేయకుండా రాసుకునేవాడు, అలాంటివి అనుకూల విషయాల కన్నా త్వరగా మరపున పడతాయని ఆయన ఆత్మకథలో చెప్పుకున్నాడు. జీవజాతులన్నీ ఒకే చెట్టు కొమ్మలలా చీలివచ్చాయన్న ఊహను 1837లో నోటుపుస్తకంలో గీసుకున్న ఆయన, 1838లో మాల్థస్ జనాభా గ్రంథం చదివి మనుగడ పోరు పాత్రను గుర్తించినా, 1859 దాకా గ్రంథాన్ని వెలువరించలేదు. ఆ రెండు దశాబ్దాలలో పావురాల పెంపకందార్లను, తోటమాలులను, దూరదేశాల ప్రకృతి శాస్త్రవేత్తలను ఉత్తరాల ద్వారా అడిగి తెలుసుకున్న సంగతులు ఆయన చదువుకు జతపడ్డాయి. పెంపకందారు మాటకు శాస్త్రగ్రంథంతో సమానమైన చోటు ఇవ్వడం ఆయన పద్ధతిలో ముఖ్యమైన భాగం.

సంభాషణ ఎదుటి మనిషితోనే కాక, పాత రాతలతోనూ జరుగుతుంది. బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 చీటీలు రాసి, ఒక్కో చీటీకి సంఖ్య వేసి, దానితో సంబంధమున్న ఇతర చీటీల సంఖ్యలను దాని మీదే గుర్తుపెట్టుకున్నాడు. ఆ చీటీల పెట్టెను తనతో సంభాషించే భాగస్వామిగా వర్ణిస్తూ 1981లో ఒక వ్యాసం రాశాడు. ఎప్పుడో రాసి మరచిన చీటీ కొత్త ప్రశ్నకు ఊహించని సమాధానం చెప్పగలగడమే ఆయన ఉద్దేశం. తెలుగునేలకు వస్తే, సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, జీతమిచ్చి నియమించుకున్న పండితులతో పాఠాలు సరిచూపించి, వారితో చర్చించి వేమన పద్యాలను 1829లో ప్రచురించాడు. 1852 నాటి ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కావ్యభాష దగ్గరే ఆగక జనం నోటి మాటలకూ చోటిచ్చింది. కచేరీలలో చెలామణీ అయ్యే పారసీ, హిందుస్తానీ మాటలకు ఆయన వేరే నిఘంటువే కూర్చాడు.

ఈ నలుగురి పక్కన నేటి పాఠకుడి అలవాట్లను పెట్టి చూస్తే, కొరత పడింది సమాచారం కాదని తెలుస్తుంది. ఫోనులో దాచుకున్న పీడీఎఫ్‌లు, స్క్రీన్‌షాట్లు, ఫార్వర్డులు ఒక చిన్న గ్రంథాలయానికి సరిపోతాయి. తిరిగి చూసేవి మాత్రం అతి కొద్ది. బడిలో ఉపాధ్యాయుడు చెప్పి రాయించే నోట్సు, కాలేజీలో గైడు, పోటీ పరీక్షలకు కోచింగు మెటీరియల్ కలిసి, రాసుకోవడమంటే ఇంకొకరి ఆలోచనను నకలు తీయడమన్న అభిప్రాయాన్ని చిన్ననాటి నుంచే పాతుకుపోయేలా చేస్తున్నాయి. జ్ఞాపకశక్తిని పరిశీలించిన పరిశోధనలు ఇందులోని లోపాన్ని స్పష్టంగా చూపాయి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వశాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాలలో, ఒక పాఠాన్ని మళ్లీమళ్లీ చదివినవారు కొద్ది నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నా, పాఠం పక్కన పెట్టి గుర్తున్నంత మేరకు రాసినవారు వారం తర్వాత వారికన్నా ఎక్కువ చెప్పగలిగారు. చదివేకొద్దీ కలిగే పరిచయభావం తెలిసిపోయిందన్న భ్రమ కలిగిస్తుంది. పుస్తకం మూసి సొంత మాటల్లో రాసినప్పుడే తెలియనిది బయటపడుతుంది.

సంభాషణ పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా లేదు. పుస్తకావిష్కరణ సభలో వేదిక మీద పదిమంది వక్తలు వరసగా మాట్లాడతారు, వేదిక కింది పాఠకుడికి ప్రశ్న అడిగే వ్యవధి దొరకదు. సామాజిక మాధ్యమాలలో ప్రశ్న వినబడేలోపే పక్షం ఏర్పడుతుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనాన్ని నెలకొల్పిన తరం గ్రంథాలయాన్ని పుస్తకాలు దాచే గదిగా మాత్రమే చూడలేదు. పత్రిక చదివి వినిపించుకుని చర్చించుకునే కూడలిగా భావించింది. నేటి గ్రంథాలయాలు, సాహిత్య సంస్థలు నెలకొక పుస్తకాన్ని ముందుగా ప్రకటించి, చదివి వచ్చినవారికే మాట్లాడే అవకాశమిచ్చి, తేలని ప్రశ్నలను రాసి ఉంచి, మరుసటి నెల వాటితోనే మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వ్యక్తిగతంగా పాఠకుడు చేయగలిగిందీ అంత సులువైనదే: రాసుకున్న ప్రతి అంశం పక్కన తేదీ, పుస్తకం పేరు, పుట సంఖ్య లేదా చెప్పినవారి పేరు వేసుకోవడం, రచయిత మాటను తన మాట నుంచి వేరుచేయడం, ఒప్పుకోలేనిదాన్ని తప్పకుండా నమోదు చేయడం, పాత పుటలను అప్పుడప్పుడు తిరగేయడం.

సృజనాత్మకత కొందరికి పుట్టుకతో వచ్చే వరమని, చదువు ఉద్యోగంతో ముగిసే వ్యవహారమని సమాజం నమ్ముతున్నంత కాలం ఈ చిన్న పనులు చాదస్తంగానే కనిపిస్తాయి. ఆ నమ్మకానికి రామమూర్తి జీవితమే జవాబు. 1911లో ఉద్యోగ విరమణ చేసిన ఆయన సవర వ్యాకరణం వెలువడేనాటికి 68 ఏళ్లవాడు, నిఘంటువు వెలువడేనాటికి 75 ఏళ్లవాడు. ఆయన గెలిపించిన వాడుక భాషలో రాయడం తెలుగువారికి అలవాటైపోయింది. ఆ భాషలో అడగడం, వినడం, విన్నదాని ముందు తన చదువును దిద్దుకోవడానికి సిద్ధపడడం కూడా అలవాటైనప్పుడే ఆగస్టు 29 సభలకు అర్థం ఉంటుంది.